ఆటలో అరటిపండు అమ్మాయేనా?

తెలంగాణ రాష్ట్ర ఐటీ, పరిశ్రమల శాఖ మంత్రి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్ బాబు గారికి, జనగామ నుంచి నమస్కారాలతో.

తెలుగు పిల్లల ఆటల్లో అరటిపండు అని ఒక స్థానం ఉంది. వాడకట్టు పిల్లలంతా దాగుడుమూతలు ఆడుతుంటే ఇంట్లో అందరికన్నా చిన్నది ఏడ్చుకుంటూ వెంటపడుతుంది. వెళ్ళగొడితే అమ్మ ఊరుకోదు, చేర్చుకుంటే ఆట సాగదు. అప్పుడు పెద్దపిల్లల్లో ఒకరు తీర్పు చెబుతారు: సరే, నువ్వు ఆటలో అరటిపండువి. ఇక ఆ పిల్ల దొరికినా దొంగ కాదు, ఓడినా పక్కకు పోనక్కర్లేదు. అందరితో పాటు ఉరకవచ్చు, అరవవచ్చు, అలసిపోవచ్చు. పదేళ్ళ పిల్లలు ఎవరూ చెప్పకుండానే చేసుకున్న ఏర్పాటు అది.

ఆ స్థానానికి నియమాలు ఎవరూ రాసిపెట్టలేదు గాని అందరికీ తెలుసు. అది వయసును బట్టి వచ్చేది. తమ్ముడు అరటిపండైన ఇళ్ళు ఎన్నో, చెల్లెలు అరటిపండైన ఇళ్ళూ అన్నే. పైగా అది ఉండిపోయేది కాదు. ఒకటి రెండు వేసవులు గడిచేసరికి ఆ పిల్లే అందరిలాగా దొంగయ్యేది, ఇంకో చిన్నదానికి అరటిపండు స్థానం ఇచ్చేది.

వీడియో గేముల లోకంలోనూ ఇదే అవసరం వచ్చింది. ఇద్దరు కలిసి ఆడే ఆటల్లో ఒకరు ఏళ్ళ తరబడి ఆడినవారు, ఇంకొకరు మొదటిసారి రిమోట్ పట్టినవారు. కొత్తవారు క్షణానికోసారి చచ్చిపోతుంటే ఇద్దరికీ విసుగే. కాబట్టి కొత్తవారికి కొంచెం ఆసరా ఇవ్వాలి. ఇంతవరకు మన వాకిట్లో పిల్లల ఆలోచనే. చిక్కంతా ఆ ఆసరాకు పెట్టిన పేరుతో వచ్చింది.

2012 ఆగస్టులో అమెరికాలోని గేర్‌బాక్స్ సంస్థ 'బోర్డర్‌ల్యాండ్స్ 2' అనే ఆటను విడుదలకు సిద్ధం చేస్తోంది. నలుగురి దాకా కలిసి ఆడగల తుపాకుల ఆట అది. ఆ తర్వాత రాబోయే ఒక కొత్త పాత్ర గురించి ముఖ్య రూపకర్తల్లో ఒకరైన జాన్ హెమింగ్‌వే యూరోగేమర్ పత్రికతో మాట్లాడారు. గురి చూసి కాల్చడం రానివారు కూడా స్నేహితులతో కలిసి ఆడేలా ఆ పాత్రకు కొన్ని నైపుణ్యాలు చేర్చామని చెబుతూ, దాన్ని 'గర్ల్‌ఫ్రెండ్' పేరుతో పిలిచారు. ఒక్క రోజులో ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. గురి రానివారంటే ప్రియురాలేనా, తుపాకీ ఆట ఆడే అమ్మాయిలు ఈ కంపెనీ లెక్కలో లేరా అని ఆటగాళ్ళలోని స్త్రీలు, వారితో పాటు పురుషులూ నిలదీశారు. అలాంటి మోడ్ ఏదీ ఆటలో లేదని సంస్థ అధిపతి ర్యాండీ పిచ్‌ఫోర్డ్ ట్విటర్‌లో వాదించారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆటలో ఆ నైపుణ్యాల వరుసకు పెట్టిన పేరు 'బెస్ట్ ఫ్రెండ్స్ ఫరెవర్'. అందులో గర్ల్ లేదు, బాయ్ లేదు. ఆ వరుసలోని ఒక నైపుణ్యం నిజంగా ముచ్చటైనది: తూటా గురి తప్పి గోడకు తగిలితే, అది ఎగిరి పక్కనున్న శత్రువు మీదికి మళ్ళే అవకాశం ఉంటుంది. కొత్తవారిని చిన్నబుచ్చకుండా ఆటలో నిలబెట్టే ఉపాయం ఇంతకన్నా చక్కగా ఉండదు. ఇంకా గమనించాల్సిన సంగతి, ఆ పాత్ర పేరు గేజ్. బడి సైన్సు ప్రదర్శన కోసం సొంతంగా రోబోను తయారుచేసుకున్న పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. తెర మీద ఇంజినీరు అమ్మాయిని నిలబెట్టిన సంస్థే, తెర బయట అమ్మాయి అంటే ఆట రానిది అనే మాట జారవిడిచింది. ఆట రూపకల్పనలో తప్పు లేదు. జనానికి చెప్పిన మాటలో ఉంది. ఈ లేఖ అడిగేది కూడా మాట గురించే.

మంత్రి గారూ, ఎక్కడో అమెరికాలో జరిగినదానికి జనగామ నుంచి మీకు లేఖ ఎందుకని అడగవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగానికి 'ఇమేజ్' పేరుతో ప్రత్యేక విధానం తెచ్చింది. గేముల పరిశ్రమ ఎదగాలని కోరుకున్న రాష్ట్రం ఇది. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామని చెప్పింది. అంటే ఇక మీదట ఏ ఆట మంచిది, ఎవరు ఆడతారు, ఎందుకు ఆడాలి అని ప్రభుత్వాలే జనానికి చెబుతాయి. పోస్టర్లు వేస్తాయి, పోటీలు పెడతాయి, బడుల్లో అవగాహన సభలు జరుపుతాయి. ఆ చెప్పడంలో 2012 నాటి పొరపాటు తెలుగులో జరగకూడదని ఈ ఆరాటం.

మీ మంథని నియోజకవర్గంలో కాటారం, మహదేవపూర్ వంటి భూపాలపల్లి జిల్లా మండలాలూ ఉన్నాయి. అక్కడైనా, ఇక్కడ జనగామలో అయినా, సాయంత్రం దృశ్యం ఒక్కటే. మూసిన దుకాణం అరుగు మీద నలుగురు కుర్రాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. నాలుగు ఫోన్లు, ఒకటే ఆట. "నేను పడ్డ, రివైవ్ చెయ్యి రా", "నువ్వు ముంగట పో, నేను కవర్ ఇస్త". ఆ ఆట పేరు బీజీఎంఐ. అందులో స్క్వాడ్ అంటే నలుగురి జట్టు. ఒకరు పడితే ఇంకొకరు ఆగి, ప్రాణం పణంగా పెట్టి లేపాలి. ఈ ఆటలో కాల్పులే చూసేవారికి అందులోని సాయం కనిపించదు. 2020 సెప్టెంబరులో కేంద్రం, ఈ ఆటకు ముందు రూపమైన పబ్‌జీతో సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు ఈ కుర్రాళ్ళు ఎంత దిగులుపడ్డారో ఊళ్ళన్నీ చూశాయి. ఆట పోయినందుకే కాదు, రోజూ కలుసుకునే చోటు పోయినందుకు.

ఆ అరుగు మీద అమ్మాయి లేదు. ఉండదు కూడా. ఆమె ఆడదని కాదు, ఆమె ఆడే చోటు వేరు. ఇంట్లో, తలుపు దగ్గరకు వేసి, తమ్ముడి ఫోన్లోనో అమ్మ ఫోన్లోనో, మైక్ కట్టేసి ఆడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే తెలంగాణలో పురుషుల్లో 57.4 శాతం అవునన్నారు, స్త్రీలలో 26.5 శాతమే అవునన్నారు. ఈ అంకెలు పక్కన పెట్టుకుని ఆలోచిస్తే, అమ్మాయికి ఆట రాదు అనే మాట ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఫోను చేతికి రానివారికి ఆట ఎలా వస్తుంది?

ఈ తేడా ఫోన్లతో మొదలైంది కాదు. తొంభైలలో తెలుగు పట్టణాల్లో వీడియో గేమ్ షాపులు ఉండేవి. గంటకు ఇంత అని కట్టి, చిన్న టీవీ ముందు స్టూలు మీద కూర్చుని 'కాంట్రా' ఆడేవారు. ఇద్దరు కలిసి ఆడే ఆట అది. ఒకరి ప్రాణాలు అయిపోతే పక్కవారి ఖాతాలోంచి ఒకటి తీసుకోవచ్చు. ఆ షాపుల్లో అమ్మాయిలు కనిపించడం అరుదు. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దని గోడ మీదా రాయలేదు. ఇంట్లో టీవీకి గేమ్ డబ్బా తగిలించుకున్న కొద్దిమంది ఇళ్ళలో మాత్రం చెల్లెలికి రెండో రిమోట్ దక్కేది. ఒక్కోసారి దాని తీగ డబ్బాకు తగిలించి కూడా ఉండేది కాదు. తెర మీద పరుగెత్తే మనిషిని తానే ఆడిస్తున్నానని ఆ పిల్ల మురిసిపోయేది.

ప్రపంచంలో కూడా ఆట మొదట్లో మగపిల్లలదిగా పుట్టలేదు. 1980లో జపాన్‌లో 'ప్యాక్-మ్యాన్' తయారుచేసిన తోరు ఇవతాని, స్త్రీలూ జంటలూ గేమ్ షాపులకు రావాలనే ఆ ఆటను రూపొందించారు. స్త్రీలకు తినడం ఇష్టం కాబట్టి తినే ఆట అనుకోవడం కూడా ఒక మూస ఆలోచనే, అది వేరే సంగతి. 1982లో 'రివర్ రెయిడ్' ఆటను రూపొందించింది క్యారల్ షా అనే ఆవిడ. నది మీద విమానం నడుపుతూ ఇంధనం నింపుకునే ఆ ఆటను, దాని నకళ్ళను మన దేశంలోనూ లెక్కలేనంత మంది పిల్లలు ఆడారు. ఒక స్త్రీ చేసిన ఆట అని వారిలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. 1983లో అమెరికా గేమ్ మార్కెట్ కుప్పకూలాక ఆటలు బొమ్మల దుకాణాల దారి పట్టాయి. ఆ దుకాణాల్లో ఆడపిల్లల వరుస వేరు, మగపిల్లల వరుస వేరు. గేములు మగపిల్లల వరుసలో చేరాయి. 1989లో నింటెండో సంస్థ తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే యంత్రానికి 'గేమ్ బాయ్' అనే పేరు వచ్చింది. అమ్మేవారు ఎంచుకున్న వరుస చూస్తూ చూస్తూ స్వభావమైపోయింది.

అమ్మాయిలకు ఆట రాదనే నమ్మకాన్ని కొలిచి చూసినవారు ఉన్నారు. రెండు పెద్ద ఆన్‌లైన్ ఆటల నమోదు వివరాలతో, అమెరికాలోని ఆటగాళ్ళవి ఒకటి, చైనాలోని ఆటగాళ్ళవి ఒకటి తీసుకుని, చేసిన పరిశోధన 2016లో వెలువడింది. పైకి చూస్తే పురుషులే ముందున్నారు. ఎంతసేపు ఆడారు అనే లెక్క వంటివి కలిపి చూసేసరికి తేడా మాయమైంది. స్త్రీలు కనీసం పురుషులంత వేగంగానే ఎదుగుతున్నారని తేలింది. తక్కువ సమయం దొరికినవారిని తక్కువ తెలివి ఉన్నవారిగా లెక్కగట్టామన్నమాట.

మైక్ కట్టేసుకోవడం వెనుక ఉన్నది కూడా ఊహ కాదు. 'హేలో 3' అనే జట్టు ఆటలో పరిశోధకులు ముందే రికార్డు చేసిన మాటలు వినిపించారు. కొన్ని ఆటల్లో మగ గొంతు, కొన్నింటిలో ఆడ గొంతు, మాటలు మాత్రం అవే. 2013లో అచ్చయిన ఫలితం ప్రకారం ఆడ గొంతుకు మూడింతలు ఎక్కువ చెడు మాటలు వచ్చాయి. అదే ఆట మీద 2015లో వచ్చిన ఇంకో అధ్యయనం ఎవరు తిడుతున్నారో చూసింది. బాగా ఆడేవారు కాదు, ఆటలో వెనకబడినవారే స్త్రీల మీద ఎక్కువ కోపం చూపారు. జనగామ అరుగుల మీద కూడా ఈ సంగతి తెలియనిది కాదు. మన భాషలో దానికి తిట్టు ముందే సిద్ధంగా ఉంది. గురి తప్పిన కుర్రాడిని పక్కవాడు అనే మాట: "గాజులు తొడుక్కో పో." ఆ మాట కుర్రాడిని కొడుతుంది. గోడ అవతల మైక్ కట్టేసి వింటున్న అక్కకు ఇంకా గట్టిగా తగులుతుంది.

కుర్రాళ్ళకు ఈ ఏర్పాటు మేలు చేస్తోందా అంటే అదీ లేదు. ప్రియురాలి మోడ్ అన్న రోజున ఆట రాని మగపిల్లవాడికి చోటే లేకుండా పోయింది. అతనికి ఆసరా కావాలంటే ముందు సిగ్గుపడాలి. అవగాహన సభల్లోనూ ఇంతే. ఫోను పట్టుకుని చెడిపోయిన కొడుకు, తలుపు దగ్గర కన్నీళ్ళు పెట్టుకునే తల్లి, ఈ రెండు బొమ్మలే ఏళ్ళుగా తిరుగుతున్నాయి. ఆ బొమ్మల్లో అబ్బాయి ముద్దాయి, అమ్మ బాధితురాలు, అమ్మాయి అసలే లేదు. 2020 లాక్‌డౌన్‌లో ముంబై దగ్గరి సంస్థ చేసిన 'లూడో కింగ్' ఇంటింటా ఆడారు. పెద్దమ్మలు, అత్తలు, కోడళ్ళు, వేరే ఊళ్ళో ఇరుక్కుపోయిన కొడుకులు ఒకే బల్ల మీద పావులు నడిపారు. అష్టాచెమ్మా, పచ్చీసు ఆడిన చేతులకు అది కొత్తేమీ కాదు. అయినా తర్వాత గేమింగ్ గురించి మాట్లాడిన ఏ వేదిక మీదా ఆ పెద్దమ్మను ఆడినవారిగా ఎవరూ లెక్కపెట్టలేదు. 2024 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి దేశంలోని పేరున్న గేమర్లను పిలిపించి మాట్లాడారు. ఏడుగురు వచ్చారు. వారిలో స్త్రీ ఒక్కరే, మధ్యప్రదేశ్ చింద్వాడా ప్రాంతం నుంచి వచ్చిన పాయల్ ధారే.

ఇక భాష సంగతి. మంత్రి గారూ, ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

ఆడే మనిషికి తెలుగులో పేరు వెతికితే మొదట దొరికేది ఆటగాడు. ఈ లేఖలో పైన కూడా ఆ మాటే పడింది, చదివేవారు గమనించే ఉంటారు. దానికి స్త్రీలింగం అడిగితే ఆటగత్తె అంటారు, ఆ మాటలో ఏదో వెటకారం వినిపిస్తుంది. క్రీడాకారిణి అంటే గౌరవమే గాని లూడో ఆడే అత్తమ్మను క్రీడాకారిణి అంటే ఆమే నవ్వుతుంది. క్రియలో ఇబ్బంది ఇంకా లోతైనది. వచ్చాడు అంటే మగవాడు, వచ్చింది అంటే ఆడమనిషి కావచ్చు, ఆవు కావచ్చు, బస్సు కావచ్చు. గేములో ఒక వాక్యం తెలుగులోకి తేవాలంటే అనువదించేవారు ఎక్కువగా పట్టుకునేది మగ రూపమే: 'మీ స్నేహితుడు ఆటలో చేరాడు'. చేరింది చెల్లెలైనా తెర మీద చేరాడనే పడుతుంది.

కానీ ఇదే తెలుగు దీనికి మందు కూడా ఉచితంగా ఇచ్చింది. గౌరవ బహువచనం. 'ఒకరు చేరారు' అంటే ఆడామగా అడగనక్కర్లేదు. 'మీ జట్టులో ఒకరు పడిపోయారు, లేపండి' అంటే చాలు. జనగామ మాటలో చెప్పాలంటే, 'అచ్చిండు', 'అచ్చింది' అని విడదీయకుండా 'అచ్చిన్రు' అనడం. ఆడేవారు, జట్టువారు, తోడున్నవారు, కొత్తవారు, ఆరితేరినవారు. వీటిలో కష్టమైన మాట ఒక్కటీ లేదు. కొత్త మాట పుట్టించే పనీ లేదు. హిందీలో గౌరవ రూపంలో కూడా చాలా క్రియలను లింగం వెంటాడుతుంది. తెలుగులో మర్యాదగా పలకరిస్తే లింగం తనంతట తానే తప్పుకుంటుంది. ఇంత సుళువు ఉన్న భాషలో 'బ్రో, మీ స్క్వాడ్‌ను పిలువు' అని ప్రకటన రాయడం బద్ధకం తప్ప మరొకటి కాదు.

మాట మారిస్తే ఏమవుతుందని అనేవారికి క్రికెట్ దగ్గర జవాబుంది. 2017 జూన్‌లో ప్రపంచకప్ ముందు హైదరాబాద్ అమ్మాయి మిథాలీ రాజ్‌ను ఒక విలేకరి అడిగారు, మీకు ఇష్టమైన పురుష క్రికెటర్ ఎవరని. ఇష్టమైన మహిళా క్రికెటర్ ఎవరని మగవాళ్ళను అడుగుతారా అని ఆమె ఎదురడిగారు. నాలుగేళ్ళకు, 2021 సెప్టెంబరులో, క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీ 'బ్యాట్స్‌మన్' తీసేసి 'బ్యాటర్' చేసింది. ఇవాళ తెలుగు వ్యాఖ్యానంలో బ్యాటర్ అనే మాట ఎవరి చెవికీ గుచ్చుకోవడం లేదు. 2025 మొదట్లో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష అండర్-19 ప్రపంచకప్‌లో సెంచరీ కొట్టినప్పుడు ఆమెను పిలవడానికి సరైన మాట అప్పటికే వాడుకలో ఉంది.

కలిసి చేసే పనిలో ఎవరు ముందు, ఎవరు ఆసరా అనే ప్రశ్నకు ఈ నేల దగ్గర పాత జవాబులున్నాయి. బతుకమ్మ పేర్చే రోజున తంగేడు, గునుగు కోసుకురావడానికి చెరువు కట్టల వెంట, చెలకల వెంట తిరిగేది ఎక్కువగా అన్నదమ్ములూ నాన్నలూ. మోపులు తెచ్చి వాకిట్లో పడేసి పక్కకు జరుగుతారు. రంగు వేయడం, పేర్చడం, ఎత్తుకోవడం, చుట్టూ తిరిగి ఆడటం స్త్రీలది. ఆటలో గెలుపు ఉండదు, వలయం ఉంటుంది. పూలు తెచ్చిన తమ్ముడి పనిని ఎవరూ చిన్నచూపు చూడరు, అది మగవాడికి పేర్చడం రాక ఇచ్చిన సుళువు పని అని పేరు పెట్టరు.

పాలకుర్తి ఐలమ్మ కథ మీకు చెప్పనక్కర్లేదు. విసునూరు దేశ్‌ముఖ్ తన 4 ఎకరాల పంట మీదికి వచ్చినప్పుడు ఆమె నిలబడింది, సంఘం వాళ్ళు వచ్చి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఆ కలివిడి పనిలో నడిపింది ఐలమ్మ, ఆసరా అయినవారు మిగతావారు. ఆట పోరాటంతో సమానమని ఎవరూ అనడం లేదు. కానీ గాజులు తొడుక్కో అనే తిట్టు ఐలమ్మ జిల్లాలో ఇంకా చెల్లుబాటు కావడం బాధ కలిగిస్తుంది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవారికి ఇంకో సంగతి గుర్తుంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన జ్ఞాపకాలవి. పోరాటంలో వారికి ఏ పని దక్కింది, అది ముగిశాక ఇంటికి వెళ్ళమన్నప్పుడు ఏమనిపించింది, ఇవన్నీ అందులో ఉన్నాయి. సాయం చేసినవారు అనే పేరు ఎవరికి ఎలా అంటుకుంటుందో ఈ ప్రాంతానికి పుస్తకంగా తెలుసు.

ఆటలు తయారుచేసేవారిలోనూ దారి చూపినవారున్నారు. స్వీడన్‌లోని హేజ్‌లైట్ సంస్థ, జోసెఫ్ ఫారెస్ దర్శకత్వంలో, 2021లో 'ఇట్ టేక్స్ టూ' తెచ్చింది. విడిపోదామనుకున్న భార్యాభర్తలు బొమ్మలుగా మారిపోతారు. ఒక్కరే ఆడటం కుదరదు, ఇద్దరుండాల్సిందే. ఒకచోట భర్త చేతిలో మేకులు, భార్య చేతిలో సుత్తి. అతను మేకు విసిరితేనే ఆమె దానికి వేలాడి అవతలికి దూకగలదు, ఆమె కొడితేనే అతని దారి తెరుచుకుంటుంది. అధ్యాయం మారితే పనిముట్లూ మారతాయి. ఎవరూ పూర్తిగా ఆసరా కాదు, ఎవరూ పూర్తిగా నాయకులు కాదు. ఒకరు ఆట కొనుక్కుంటే రెండోవారు ఉచితంగా చేరవచ్చు, దానికి వారు పెట్టిన పేరు 'ఫ్రెండ్స్ పాస్'. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ అదే. 2025 మార్చిలో అదే సంస్థ ఇద్దరు అమ్మాయిలు కథానాయికలుగా 'స్ప్లిట్ ఫిక్షన్' తెచ్చింది. ఆ ఇద్దరికీ ఫారెస్ తన కూతుళ్ళ పేర్లే పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో చేసిన 'ఓవర్‌కుక్డ్' ఆట మొత్తం వంటింట్లోనే నడుస్తుంది. నలుగురు కలిసి కూరగాయలు కోసి, వండి, గిన్నెలు కడగాలి. వంటిల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే చెయ్యి ఖాళీగా ఉన్నవారే గిన్నె కడగాలి. నింటెండో 2007లో 'సూపర్ మారియో గెలాక్సీ'లో రెండోవారికి తేలిక పని ఇచ్చి, దాన్ని 'కో-స్టార్ మోడ్' అంది. అది కూడా అరటిపండు స్థానమే, ఏ ఇంట్లో ఎవరైనా కూర్చోగలిగేలా పేరు పెట్టారు.

హైదరాబాద్‌లో ఇలాంటి ఆలోచన పుట్టదా? క్రికెట్ గేమ్ 'హిట్‌వికెట్' చేసిన ఇక్కడి సంస్థ సహ వ్యవస్థాపకుల్లో కీర్తి సింగ్ అనే ఆవిడ ఒకరు. మహిళా వ్యాపారవేత్తల కోసం 2018 మార్చి 8న మొదలైన వీ-హబ్ మన దగ్గరే ఉంది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టింది మీ ప్రభుత్వమే. ఆ విశ్వవిద్యాలయంలో ఏటా ఒక వారం, ఇద్దరు కలిసి ఆడే చిన్న ఆటలు తయారుచేసే పోటీ మీ శాఖ జరిపితే ఎంత బాగుంటుంది. వామనగుంటలు, అచ్చెనగండ్లు, తొక్కుడుబిళ్ళ, చిర్రగోనె, వీటి లెక్కలు తెలిసిన అమ్మాయిలు అక్కడ చదువుతున్నారు. కోలాటంలో జతలు మారే తీరు ఒక్కటి చాలు, మంచి జట్టు ఆటకు అందులో కావలసినంత గణితం ఉంది.

ప్రభుత్వ సాయం తీసుకునే స్టూడియోలను మీరు ఒక్క మాట అడగవచ్చు. మీ ఆటలోని తెలుగు వాక్యాలు గౌరవ బహువచనంలో ఉన్నాయా, తేలిక స్థాయికి మీరు పెట్టిన పేరు ఆడేవారి అనుభవాన్ని చెబుతోందా లేక వారు ఎవరో చెబుతోందా? చట్టం అక్కర్లేదు, దరఖాస్తులో ఒక గడి చాలు. అమ్మాయిలకు విడిగా పోటీలు పెట్టినా తప్పు లేదు, మొదట అడుగు పెట్టడానికి అవి పనికొస్తాయి. కానీ ఆ పోస్టరు గులాబీ రంగులో, సరదాగా వచ్చి ఆడిపోండి అన్న ధోరణిలో ఉండకూడదు. అబ్బాయిల పోటీకి ఇచ్చిన బహుమతి, సమయం, వ్యాఖ్యాత దీనికీ ఇవ్వాలి. మైక్‌లో వేధింపులు ఎదురైతే పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పవచ్చని అదే పోస్టరు కింద రాయించండి. ఆటలో తిట్టారని పోలీసుల దాకా వెళ్ళడమేమిటి అనుకుని ఊరుకునే అమ్మాయిలకు అది కూడా ఫిర్యాదేనని ఎవరో ఒకరు చెప్పాలి.

గురుకులాల్లో, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో కంప్యూటర్ గదులున్న చోట వారానికి ఒక గంట జట్టు ఆట పెట్టించి చూడండి. తుపాకుల ఆట కానక్కర్లేదు. ఇద్దరు మాట్లాడుకుంటే తప్ప ముందుకు కదలని ఆట ఏదైనా సరే. తమ్ముడు స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో దొంగతనంగా ఆడే పిల్లకు, గడియారం చూసుకోకుండా తన పేరుతో ఆడే గంట అది. మొదటి వారం తూటా గోడకే తగులుతుంది, అబ్బాయిలకు తగిలినట్టే.

రేపు జనగామలో ఈ-స్పోర్ట్స్ పోటీ ఏదైనా జరిగితే, దాని పిలుపు ముసాయిదా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు 'యువకులారా రండి' అన్న మొదటి వాక్యం కొట్టేసి పైన ఇలా రాయండి: 'ఆడేవారందరూ రండి, ఇద్దరిద్దరుగా రండి, కొత్తవారికి మొదటి రోజు నేర్పుతాం.' ఆ కాగితం బస్టాండు గోడకు, బాలికల కళాశాల గేటుకు, రైల్వే స్టేషన్ దగ్గరి ఫోన్ రిపేరు దుకాణాలకు అంటించే పని ఊళ్ళోవాళ్ళు చూసుకుంటారు.

ఇట్లు,
జనగామ నుంచి